ఎడమ మడమ లోపలి కుట్టు

అద్దె గది, ఆదివారం

అక్కా,

ఫోన్ చేస్తే రెండు మాటలకే "సరే, ఉంటా" అంటావు. అందుకే ఈ ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు తెర చూస్తాను. ఆదివారం నాడు ఫోన్ ముట్టుకోవాలంటేనే వెగటుగా ఉంటోంది. కాగితం మెరవదు, మోగదు. నవ్వుకుంటే నవ్వుకో.

నా పనేమిటని పోయినసారి వచ్చినప్పుడు అడిగావు. "ఏదో కంప్యూటర్ పనిలే" అని తప్పించుకున్నాను. ఇప్పుడు సరిగ్గా చెబుతాను. ఒక పెద్ద బూట్ల కంపెనీ మా ఆఫీసుకు డబ్బిస్తుంది. సోషల్ మీడియాలో ఎవరు ఎక్కడ ఆ కంపెనీ పేరెత్తినా, దాని బూట్లతో ఫొటో పెట్టినా, తిట్టినా, అది నా తెర మీదికి వస్తుంది. దాన్ని మెన్షన్ అంటాం. పొగిడితే పచ్చ రంగు వేస్తాను, తిడితే ఎరుపు, ఎటూ కాకపోతే బూడిద. శనివారం సాయంత్రం మా మేనేజరు వాటన్నిటినీ కూడి, "ఈ మాటలన్నీ ప్రకటనలుగా కొనాలంటే మీకు ఇంత అయ్యేది" అని కంపెనీకి ఒక అంకె పంపుతాడు. గ్రాఫు లేకుండా నోరు విప్పడు కనక ఆయన్ని అందరం గ్రాఫాయన అంటాం. అదీ నా ఉద్యోగం. జనం నోళ్లకు వెల కట్టడం.

ఆ కంపెనీకి ఒక సినిమా నటి ప్రచారం చేస్తుంది. నీకు తెలిసే ఉంటుంది, గొంతు బాగుంటుందే, ఆవిడ. పోయిన నెల మెట్లెక్కుతూ ఒక్క ఫొటో పెట్టింది. కాళ్లకు ఆ కంపెనీ బూట్లు. కింద రాసింది ఒక్క ముక్క: "సుఖంగా ఉన్నాయి." ఆ ఒక్క ముక్క ఏడాది ప్రకటనల ఖర్చుకు సమానమని గ్రాఫాయన తేల్చాడు. కంపెనీ వాళ్లు ఆఫీసుకు కేకు పంపించారు.

కేకు తింటుంటే నువ్వే గుర్తొచ్చావు. పోయిన నెలంతా కలిపి దుకాణానికి నలుగురొచ్చారని అన్నావు. పొట్టి కాలుకు, వంకర పాదానికి సరిపోయే బూటు చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల నువ్వు తప్ప ఇంకెవరున్నారు? అయినా నలుగురే. నీకు కావలసింది పనితనం కాదక్కా, ఒక పెద్ద నోరు. పేరున్నవాళ్లెవరైనా నీ బూటు తొడుక్కుని ఒక్క మాటంటే చాలు. ఎవరినైనా పట్టుకోవచ్చేమో ఆలోచించనా?

నీ చెల్లి


దుకాణం, మధ్యాహ్నం

ఉడుతా,

నాన్న ఊరికే పెట్టలేదు నీకా పేరు. రెండు పేజీల్లో ఇరవై కొమ్మలెక్కి దిగావు.

నీ ఉద్యోగం అర్థమైంది. పాతకాలంలో రచ్చబండ దగ్గర కూర్చుని ఎవరేమన్నారో మోసేవాళ్లుండేవారు. వాళ్లకు జీతం ఉండేది కాదు, నీకుంది. మంచిదే.

నీ సలహా మాత్రం వద్దు. మన దుకాణానికీ ఒక పెద్ద నోరుండేది. ఎదురుగా ఎముకల ఆసుపత్రిలో పాత డాక్టరు. చీటీ మీద మందుల కింద మన వీధి పేరు రాసి పంపేవాడు. ఆయన రిటైరయ్యాడు. కొత్తాయన అందరినీ కంపెనీ షాపుకు పంపుతున్నాడు. అక్కడ బూటులో వేసుకునే మెత్తటి అట్టలు తయారుగా దొరుకుతాయట. వేసుకుని నెల తిరక్కుండా నడుం నొప్పంటున్నారు, మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే పోతున్నారు. ఏం చేస్తాం, ఎవరి పిచ్చి వారికానందం.

నా గురించి దిగులు పెట్టుకోకు. అరలో పాదాలు అలాగే ఉన్నాయి. నాన్న చెక్కిన చెక్క అచ్చులు రెండు వందల పైచిలుకు. పేర్లు లేవు, పనులే రాసి ఉన్నాయి: పంతులమ్మ, పోస్టాయన, రొట్టెల బట్టీ, బస్టాండు గొంతు. "పేరు రాస్తే పాదం సిగ్గుపడుతుంది" అనేవాడు కదా. ఈ వారం బస్టాండు గొంతుకు ఒక జత అయిపోవాలి. వేలికి దబ్బనం దిగింది, రాత సరిగ్గా రావడం లేదు.

ఇంకోమాట. బూటు ముక్కు సొట్ట పడకుండా లోపల కాగితం కూరుతాం కదా. ఈమధ్య పాత పేపర్లు దొరకడం లేదు. నీ ఉత్తరాలు చదివాక అందుకే వాడుతున్నాను. కోపం తెచ్చుకోకు. రెండుసార్లు చదివాకే కూరుతున్నాను.

అక్క


అద్దె గది, ఆదివారం

అక్కా,

ఈసారి కొమ్మలెక్కను. ఒక్కటే అడుగుతాను.

మంగళవారం ఆ నటి ఇంకో ఫొటో పెట్టింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. మేము ఫొటోను పెద్దది చేసి, కంపెనీ గుర్తు ఎంత మేర కనబడుతోందో కొలవాలి. పెద్దది చేశాను. గుర్తు బాగానే కనబడింది. దాని వెనక, ఎడమ బూటు మడమ లోపలి వైపు, చిన్న అడ్డకుట్టు. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి, కింది దారం కాస్త పొడుగు.

ఆ కుట్టు లోకంలో ఇద్దరే వేశారు. ఒకరు లేరు.

గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటు అమ్మాయి "బాగా లేదా?" అని మంచినీళ్లు తెచ్చిచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ సినిమాల్లోకి రాకముందు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివేదని ఎక్కడో రాశారు.

బస్టాండు గొంతు ఎవరక్కా?


దుకాణం

ఉడుతా,

బస్టాండు గొంతు అంటే బస్టాండు గొంతే. నువ్వు చూసింది చూడలేదనుకో.

అక్క


దుకాణం, మర్నాడు

ఉడుతా,

నిన్నటి చీటీ పోస్టులో వేసి వచ్చాక అన్నం సయించలేదు. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు. చిన్నప్పుడు నీ మిఠాయి తిన్నదీ నేనే, తిన్నానని చెప్పిందీ నేనే.

అవును, ఆవిడే. పన్నెండేళ్లుగా వస్తోంది. ఎడమ కాలు రెండు వేళ్ల మేర పొట్టి, అచ్చు నా కాల్లాగే. మొదటిసారి వచ్చినప్పుడు బస్టాండులో ఉద్యోగం, ఒకే జత, వాయిదాల్లో ఇచ్చింది. నాన్న ఆవిడ పాదం పట్టుకుని, "మా పెద్దదానికీ ఇంతే, నువ్వేం బెంగ పెట్టుకోకు" అన్నాడు. ఆ మాటకు ఆవిడ ఏడ్చింది. తర్వాత పేరొచ్చింది, డబ్బొచ్చింది, కాలు మాత్రం పెరగలేదు. "ఇది తెలిస్తే నాకు వేషాలివ్వరమ్మా" అని ఒకసారి అంది. మేము ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా.

కంపెనీ బూటు ఆవిడకు పట్టదు. అందుకే వాళ్లిచ్చిన జతను విప్పుతాను. పైతోలు, గుర్తు ఉంచుతాను. లోపలంతా తీసేసి ఆవిడ అచ్చు మీద మళ్లీ కట్టి, మడమ కింద ఎత్తు పెట్టి మూసేస్తాను. సొమ్మొకరిది సోకొకరిది అంటావు, నాకు తెలుసు. ఆవిడ అడిగినంత ఇస్తుంది. ఆవిడ జతలే లేకపోతే ఈ దుకాణానికి ఏనాడో తాళం పడేది.

ఆ కుట్టు వేయకూడదనే అనుకున్నాను. కానీ అది లేకపోతే లోపలి ఎత్తు నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. నాన్న దాన్ని కనిపెట్టింది నా కోసమే. నేను బడికి వెళ్తూ దారిలో మూడుసార్లు పడ్డానని. ఎత్తుకు పేర్చే నాలుగు తోలు పొరలనూ కలిపి పట్టేది ఆ ఒక్క కుట్టే. వేయకుండా పంపితే ఆవిడ మెట్ల మీద పడుతుంది. చెయ్యి దానంతటదే వేసేసింది.

దయచేసి ఎవరికీ చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

అక్క


ఆఫీసు క్యాంటీన్, శుక్రవారం

అక్కా,

చెప్పను. కానీ ఇది బయటపడకుండా ఆపడం నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. బుధవారం ఎవరో బూట్లు బాగుచేసే అతను ఆ ఫొటోనే పెద్దది చేసి పెట్టాడు. "ఇది మిషన్ కుట్టు కాదు, చేతి కుట్టు. ఈ కంపెనీలో చేత్తో కుట్టేవాళ్లు లేరు. మరి ఈ బూటు ఎవరిది?" కింద పన్నెండు మంది అవునవునన్నారు.

ఇలాంటివి కనబడగానే ఎర్ర రంగు వేసి గ్రాఫాయనకు చెప్పాలి. నేను పన్నెండింటికీ బూడిద రంగు వేశాను. "సంబంధం లేదు" అని పక్కన పెట్టాను. ఐదేళ్లలో మొదటి అబద్ధం. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. చెయ్యి దానంతటదే వేసేసింది అన్నావు చూడు, అలాగే.

అలసిపోయానక్కా. నీ పనికి నేను వెల కట్టి, ఆ అంకె కంపెనీ పేరున రాశాను. ఆ "సుఖంగా ఉన్నాయి" అన్న ముక్క నీది. ఆ సుఖం నువ్వు చేసింది. దానికి కేకు నేను తిన్నాను.

కోపంలో ఉన్నాను కనక ఇదీ చెప్పేస్తాను. నాన్న రోజంతా నీ పాదం, ఊళ్లోవాళ్ల పాదాలు పట్టుకునే కూర్చునేవాడు. నాకేమో రెండు కాళ్లూ సమానం, దుకాణంలో కొన్న చెప్పులే సరిపోయేవి. ఆ అరలో రెండు వందల పాదాలున్నాయి. నాది లేదు. ఇరవై ఏళ్లకు ఇల్లు విడిచి వచ్చినప్పుడు నాన్న నా కాళ్ల వైపైనా చూడలేదు. కుంటిదాన్నైతే బాగుండేదని చిన్నప్పుడు ఎన్నిసార్లు అనుకున్నానో. తప్పే. అయినా అనుకున్నాను.

నీ చెల్లి


దుకాణం, సాయంత్రం

ఉడుతా,

నీ ఉత్తరం చదివి, దబ్బనం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నీకు ఇలా ఉందని నాకు తెలియదు. నీ రెండు కాళ్లూ నేలకు సమానంగా ఆనుతుంటే చూసి నేను కుళ్లుకునేదాన్ని. నువ్వు మెట్లు దూకుతుంటే ఒకసారి కావాలనే కాలు అడ్డం పెట్టాను. గుర్తుందా, మోచేతి మీద మచ్చ? చూడు, ఇద్దరం ఎంత మంచివాళ్లమో.

ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. ఆ పన్నెండింటికీ ఏ రంగు వేయాలో అదే వెయ్యి.

అక్క


అద్దె గది, ఆదివారం

అక్కా,

దొరికిపోయాను. కానీ కథ అడ్డం తిరిగింది, విను.

పన్నెండు మూడు వేలయ్యాయి. గ్రాఫాయన నా పాత బూడిద రంగులు చూశాడు. పిలిచి తిడతాడనుకున్నాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "చూశావా, అందరూ ఆ కుట్టు గురించే మాట్లాడుతున్నారు. బూటు గురించి ఇంతమంది మాట్లాడటం నా సర్వీసులో చూడలేదు. తిట్టడం లేదు, అడుగుతున్నారు. ఇది ఎరుపు కాదమ్మా, పచ్చ!" ఆ రాత్రికి రాత్రే గ్రాఫు గీసి కంపెనీకి పంపాడు.

కంపెనీ వాళ్లు నిన్న ప్రకటించారు. వచ్చే నెల నుంచి వాళ్ల బూట్లన్నిటి మీదా ఆ అడ్డకుట్టు ఉంటుందట. మిషన్ మీద. "చేతిపని ముద్ర" అని పేరు పెట్టారు. గ్రాఫాయనకు ప్రమోషన్. నన్ను అందరి ముందూ నిలబెట్టి, "మొదట గమనించింది ఈ అమ్మాయే" అని చప్పట్లు కొట్టించాడు. నేను కుక్కిన పేనులా నిలబడ్డాను.

నాన్న కుట్టును నేనే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టినట్టుంది.

నీ చెల్లి


దుకాణం, మధ్యాహ్నం

ఉడుతా,

నెల తిరిగింది, నువ్వు రాసిన ఆ కొత్త బూట్లు వీధి చివరి షాపు అద్దాల్లో పెట్టారు. వెళ్లి చూసొచ్చాను. కుట్టు రెండు కాళ్లకూ వేశారు. అదీ బయటి వైపు. అంటే ఏమిటి, లోకంలో అందరికీ రెండు కాళ్లూ పొట్టివేనా? లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు, ఊరికే నాలుగు దారాలు. నవ్వొచ్చింది. ఇంటికి వచ్చేదాకా నవ్వాను.

నవ్వు నిన్నటితో అయిపోయింది. ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు, పన్నెండేళ్ల పిల్ల, కుడి కాలు పొట్టి. నమూనాకు ఒక జత చూపించాను. ఆయన తిప్పి చూసి, కుట్టు మీద వేలు పెట్టి, "ఏమ్మా, ఆ కంపెనీ డిజైను కాపీ కొట్టేశారే! మాకు అసలుదే కావాలి" అన్నాడు. పిల్లను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూ, పడుతూ లేస్తూ నడిచింది.

ఏమనను? ఇది మా నాన్నది అంటే సాక్షి ఎవరు? సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్కతే ఉంది, బస్టాండు గొంతు. ఆవిడ గుట్టు దాచేది నేనే.

చాలనిపిస్తోంది. చేతిలో ఉన్న రెండు జతలు అయ్యాక తాళం వేస్తాను. వీధి అవతల బట్టల షాపులో కొలతలు రాసుకునే పని ఇస్తామన్నారు. కూర్చుని చేసే పనే. ఇన్నాళ్లకు నాకు నిజంగా అలుపొచ్చింది.

అక్క


అద్దె గది, అదే వారం

అక్కా,

తాళం వేస్తావా? ఎవరి కోసం?

ఆవిడ కాలు పొట్టి అని తెలిస్తే ఆవిడ విలువ పడిపోతుందట. నీ కాలు పొట్టి అని వీధంతా తెలుసు, నీకు ఎవరు ఏ విలువ కట్టారు? ఆవిడ నడుస్తున్నది నీ మీద. పన్నెండేళ్లుగా. ఆవిడ ఒక్క మాటకు ఎంత పలుకుతుందో లెక్కకట్టేది నేను, నాకు తెలుసు. ఆ మాటలో పిసరంత కూడా నీ దాకా రాలేదు.

ఆవిడ నాకేమీ చెడ్డ మనిషిగా కనబడదు. భయపడ్డ మనిషి. భయం ఎవరికి లేదు? కానీ ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. బస్టాండులో కూర్చుని రోజంతా ఏ బస్సు ఎక్కడుందో ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ దారి చెప్పింది కదా. నీ దుకాణానికి ఒక్క దారి చెప్పలేకపోయిందా? ఆ పన్నెండేళ్ల పిల్ల పడుతూ లేస్తూ వెళ్లిందన్నావే, ఆ పిల్లకు చెప్పలేకపోయిందా?

ఈ ఉత్తరం చదివాక చించెయ్. లేదా ఏదో బూటులో కూరెయ్, నా మాటలకు అంతకన్నా ఉపయోగం లేదు.

నీ చెల్లి


దుకాణం, పొద్దున్నే

ఉడుతా,

కొంప మునిగింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది. మడిచి, అలవాటు చొప్పున, ఎదురుగా ఉన్న బూటు ముక్కులో కూరాను. నిన్న మధ్యాహ్నం ఆవిడ డ్రైవరు వచ్చి బస్టాండు గొంతు జత అడిగితే పెట్టెలో పెట్టి ఇచ్చేశాను. ఇప్పుడు ఉత్తరం కోసం చూస్తే లేదు. దుకాణంలో ఉన్న బూట్లన్నిటిలో చెయ్యి పెట్టి చూశాను. పంతులమ్మ జతలో నీ మొదటి ఉత్తరం దొరికింది, కేకు గురించి రాసింది. ఈ చివరిది లేదు.

అది ఆవిడ ఎడమ కాలు బూటులో ఉంది.

నాన్న ఉంటే నన్ను ఏమనేవాడో. పాదానికి పేరు కూడా రాయని మనిషి, ఆయన కూతురు ఉత్తరమే పెట్టి పంపింది.

అక్క


అద్దె గది, బుధవారం

అక్కా,

నువ్వు టీవీ చూడవు కనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సోమవారం ఏదో బహుమతి సభ. ఆవిడను పిలిచారు. మెట్లెక్కి మైకు దగ్గరికి వచ్చింది. బహుమతి అందుకుని, వంగి, ఎడమ కాలి బూటు విప్పి మైకు పక్కన బల్ల మీద పెట్టింది. అలా నిలబడితే ఒక వైపుకు ఒరిగిపోయింది. సభంతా చూసింది. అప్పుడు ఆ బస్టాండు గొంతుతోనే, తొందర లేకుండా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది:

"నా ఎడమ కాలు రెండు వేళ్లు పొట్టి. ఈ బూటు మీద గుర్తు కంపెనీది, బూటు కంపెనీది కాదు. ఒకావిడ చేసింది. ఈ కుట్టు వాళ్ల నాన్నగారిది. నా కాలు జారకుండా వేసింది. ఆవిడ పేరు చెప్పడం లేదు, చెప్పొచ్చా అని ఇంకా అడగలేదు. ఇన్నేళ్లు అడగాలని కూడా తోచలేదు. ఎవరో నా మీద కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమే."

బూటు చేత్తో పట్టుకుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా మెట్లు దిగి వెళ్లింది. తెల్లారేసరికి కంపెనీ ఆవిడతో ఒప్పందం రద్దు చేసుకుంది. మా ఆఫీసులో అన్ని తెరలూ ఎర్రబడ్డాయి. గ్రాఫాయన మాత్రం, "రంగు చూడకండయ్యా, గ్రాఫు ఎత్తు చూడండి!" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

జనం మాటలన్నీ నా తెర మీదికే వచ్చాయి. నలభై వేలు. "ఆవిడ ఎవరు?" "బూటు చేసిన ఆవిడ ఎవరు?" ఎవరు, ఎవరు, ఎవరు. చదివాను. నలభై వేలూ చదివాను. రెండు పగళ్లూ రెండు రాత్రులూ పట్టింది, కళ్లు మండిపోయాయి. ఎక్కువమందికి ఊసుపోక. కొంతమందికి ఆవిడను తిట్టడానికి సాకు. రేపు ఇంకెవరిదో పెళ్లో విడాకులో వస్తుంది, అటు పోతారు. ఇన్నేళ్లుగా నేను వెల కట్టింది ఈ గోలకే.

కానీ మధ్యలో అక్కడక్కడా ఇంకోరకం మాటలున్నాయి. "మా అబ్బాయికీ ఇలాగే ఉంది, ఎక్కడ చేస్తారు?" "నాకు యాభై రెండేళ్లు, ఇంతవరకు సరైన బూటు వేసుకోలేదు." అలాంటివి ఏరాను. ముప్పై ఒకటి వచ్చాయి. వాటికి ఏ రంగూ వేయలేదు. కంపెనీ లెక్కలోకి పోనివ్వలేదు. ఒక్కొక్కరికీ విడిగా దారి రాశాను. బస్టాండులో దిగాక ఏ వైపు తిరగాలో, ఆసుపత్రి గేటు నుంచి ఎన్నో తలుపో, అన్నీ. ఆవిడ పేరు రాయలేదు. నీ పేరూ రాయలేదు. "పొట్టి కాళ్ల దుకాణం అని అడగండి" అన్నాను. నిన్ను అడక్కుండా చేశాను. తిట్టాలనుంటే తిట్టు.

రాకపోవచ్చు అక్కా. ఊరికే ఆశ పెట్టుకోకు. ఇలాంటివాటిలో వందకొకరు కదిలితే ఎక్కువ అని మా వాళ్ల లెక్క. ఉద్యోగం మానలేదు, మానితే తినేదేమిటి? బూట్ల కంపెనీ నుంచి నన్ను సబ్బుల కంపెనీకి మార్చారు. సోమవారం నుంచి నురగ గురించి చదవాలి.

తాళం ఇంకా వేయలేదు కదా?

నీ చెల్లి


దుకాణం, మూడు వారాల తర్వాత

ఉడుతా,

జవాబు ఆలస్యమైంది. చెయ్యి ఖాళీ లేదు.

తొమ్మిది మంది వచ్చారు. ముప్పై ఒకటిలో తొమ్మిది. మీ ఆఫీసు లెక్కలో ఇది ఎంతో నాకు తెలియదు. నా లెక్కలో ఇది పండక్కి వచ్చినంత సందడి. యాభై రెండేళ్ల ఆవిడ కూడా వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి పాదం చేతిలోకి తీసుకుంటే, "ఇన్నేళ్లలో దీన్ని ఎవరూ పట్టుకోలేదమ్మా" అంది. మొన్న సాయంత్రం ఆ పన్నెండేళ్ల పిల్ల వాళ్ల నాన్న కూడా వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడి, "అసలుది ఇక్కడేనటగా" అన్నాడు. "మీరు చూసి వెళ్లిందే" అన్నాను. అంతకన్నా పొడవలేదు, పిల్ల ఎదురుగా ఉంది. బట్టల షాపు వాళ్లకు రాలేనని చెప్పేశాను. తాళం మాట ఇప్పటికి లేదు. ముందేమవుతుందో తెలియదు, తొమ్మిది జతలు అయ్యాక చూద్దాం.

బస్టాండు గొంతు కూడా వచ్చింది. డ్రైవరును పంపకుండా తనే, పట్టపగలు. ఇద్దరు కూర్చుని ఉంటే వాళ్ల వెనక కూర్చుంది. తన వంతు వచ్చాక నీ ఉత్తరం తీసి ఇచ్చింది, నేను మడిచిన మడతల్లోనే. "చదివాను, క్షమించండి" అంది. బాగా అలసిపోయి ఉంది. రెండు సినిమాలు చెయ్యి జారాయట. "దారి చెప్పమంటారా? ఇప్పుడు చెబుతాను" అని అడిగింది. "వద్దమ్మా, మా చెల్లి చెబుతోంది" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ గొంతులో నవ్వు నేను మొదటిసారి విన్నాను. వెళ్లేటప్పుడు కంపెనీ గుర్తు లేని జత ఒకటి కావాలని చెప్పి వెళ్లింది.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిది కొత్త అచ్చులకు చోటు కావాలి కదా. పై అర ఖాళీ చేయడానికి నిచ్చెన వేశాను. వెనకాల, గోడకు ఆనించి, పాత గుడ్డలో చుట్టి ఒక జత ఉంది. విప్పితే ఆడపిల్ల పాదాలు. అడుగున కనబడే చెక్క ఐదారేళ్ల పిల్లది. రెండూ సమానం. మన అరలో సమానమైన జత అదొక్కటే.

చెక్క చిన్నదే, కానీ పైన తోలు పొరలు అతికించి ఉన్నాయి. కాలు పెరిగిన కొద్దీ అచ్చు మీద పొర వేసి పెంచుతామని నీకు తెలుసు. నువ్వు తొడిగి వదిలేసిన చెప్పులు పారేయకుండా నాన్న ఎందుకు దాచేవాడో నాకు ఇప్పుడర్థమైంది. వాటిలో నీ కాలి గుర్తు కొలుచుకునేవాడు. పొరలు లెక్కపెట్టాను. ఏడాదికొకటి చొప్పున పద్నాలుగు. నువ్వు ఇల్లు విడిచిన ఏడు దగ్గర ఆగాయి. ఒక్క జతా కుట్టలేదు. నీకు కొన్నవే ఇష్టమని నువ్వే అన్నావు కదా, అడగడానికి మొహమాటపడి ఉంటాడు. అడుగున, అందరికీ పనులు రాసే చోట, తన చేత్తో "ఉడుత" అని రాశాడు.

నాకు చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

పద్నాలుగో పొర తర్వాత నీ కాలు ఎంత మారిందో నాకు తెలియదు. మిగిలింది నేను వేస్తాను. సబ్బుల నురగ కాస్త పక్కన పెట్టి, ఆదివారం రా. కాళ్లు రెండూ తెచ్చుకో.

అక్క